టైప్-సీ టు హెచ్‌డీఎంఐ అడాప్టర్: ముందు మీ ఫోన్ సంగతి చూసుకోండి

విజయవాడ బీసెంట్ రోడ్డు వైపు ఫోన్ సామాన్ల షాపుల్లో అడిగితే ఫోన్ టైప్-సీ పోర్టుని టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకి కలిపి, ఫోన్ బొమ్మని టీవీలో చూపించే ఈ అడాప్టర్ తీసిస్తారు. వస్తువు బాగానే ఉంది, చిక్కంతా ఫోన్లతోనే. టైప్-సీ ఉన్నంత మాత్రాన టీవీలో బొమ్మ రాదు. ఫోన్‌కి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్, అంటే టైప్-సీ పోర్టు నుంచి వీడియో బయటికి పంపే సౌకర్యం ఉండాలి. గెలాక్సీ ఎస్24, ఐఫోన్ 15 లాంటివాటికి ఉంది, బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి లేదు. అందుకే డబ్బులిచ్చేముందే మీ ఫోన్‌కి తగిలించి చూపించమనండి.

టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి, కేబుల్ పెట్టిన హెచ్‌డీఎంఐ నంబరే ఎంచుకోవాలి. యూట్యూబ్ ఆడుతూ, ఓటీటీలో మాత్రం మాటలు వినపడి తెర నల్లగా ఉంటే హెచ్‌డీసీపీ (వీడియోని కాపీ చేయకుండా పెట్టే తాళం) దగ్గర తేడా కొట్టినట్టే. ఈ అడాప్టర్లలో చాలా రకాలు 4కె బొమ్మని 30 హెర్ట్జ్‌లోనే, అంటే సెకనుకి 30 ఫ్రేములే ఇస్తాయి. 24 ఫ్రేముల సినిమాకి అది చాలు. పక్కన ఛార్జింగ్ పోర్టున్న రకమే తీసుకోండి, లేకపోతే క్లైమాక్స్‌కి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. క్యాస్టింగ్ (వైరు లేకుండా ఫోన్ బొమ్మని టీవీకి పంపడం) ఉన్న స్మార్ట్ టీవీ, మంచి వైఫై ఉన్నవాళ్లకి మాత్రం ఇది దండగ.