కథల గంటకు ఏ థీమ్: కూరగాయలా, చేపలా?

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం చిన్నపిల్లలకు కథల గంట పెట్టాలంటే నాకు రెండు థీమ్‌లు గుర్తొస్తాయి.

కూరగాయలకు ఒక సంచి చాలు. రెండేళ్ల పిల్లలకు కథ కన్నా చేతిలో వస్తువే ముఖ్యం. వంకాయ నున్నగా, కాకరకాయ గరుగ్గా తగిలితే వాళ్లే మాటలు మొదలుపెడతారు. బెండకాయను అడ్డంగా కోసి, రంగులో అద్ది కాగితం మీద ఒత్తితే పువ్వు పడుతుంది. ఇక ఆపడం కష్టం. (పచ్చిమిర్చి మాత్రం సంచిలోకి రానివ్వకండి.) నాలుగేళ్లవాళ్లకు ఇది కాసేపటికే బోర్.

చేపలంటే ఏడు చేపల కథే. "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" గడ్డిమోపు, ఆవు, అవ్వ, చీమ... జవాబిచ్చేవాళ్లు మారతారు గానీ ప్రశ్న తీరు మారదు. అందుకే మూడోసారికి నాలుగేళ్లవాళ్లే అందుకుంటారు. చీమ కుట్టే చోట పక్కనున్న పిల్లాడి చిటికెన వేలు మెల్లగా గిల్లితే గదంతా నవ్వులే. రెండేళ్లవాళ్లు మాత్రం ఆవు దాకా కూడా ఆగరు, లేచి బీరువాల వైపు నడుస్తారు.

మూడేళ్లలోపు వాళ్లు ఎక్కువుంటే నా ఓటు కూరగాయలకే. అందరూ కలిసి వస్తే చేపల కథ చెబుతూనే చిన్నవాళ్ల చేతికి బెండకాయ ముక్క, రంగు పళ్లెం ఇచ్చేస్తాను.