చేపల మేతకు ఇంట్లో ఈగ పురుగుల పెంపకం: మూడేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

పెరటిలో రెండు ప్లాస్టిక్ తొట్లు పెట్టి అందులో ఈగ పురుగులను పెంచుతూ, వాటిని పక్కనే ఉన్న సిమెంటు తొట్టెలోని క్యాట్‌ఫిష్‌కూ తిలాపియాకూ మేతగా వేయడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మొదట్లో నేను రెండు ఆశలు పెట్టుకున్నాను. వంటింటి చెత్త బయటికి వెళ్లకుండా ఇంట్లోనే ఖర్చవుతుందని ఒకటి, గుళికల మేత కొనే పని పూర్తిగా తప్పుతుందని రెండోది. మొదటి ఆశ చాలావరకు నెరవేరింది. రెండోది నెరవేరలేదు, ఇంటి స్థాయిలో నెరవేరే అవకాశం కూడా లేదని ఇప్పుడు నమ్ముతున్నాను.

ముందుగా ఏ ఈగ అన్నది తేల్చుకోవాలి. నేను తొలి మూడు నెలలు మామూలు ఇంటి ఈగతోనే ప్రయత్నించాను, ఎందుకంటే దాన్ని ఎవరూ తెచ్చిపెట్టనక్కరలేదు, కుళ్లినదేదైనా తెరిచి ఉంచితే అదే వచ్చి గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో ఆ గుడ్లు ఒక్కరోజులో పిగిలి, నాలుగైదు రోజుల్లో పురుగులు మేతకు సిద్ధమవుతాయి. వేగం విషయంలో దానికి సాటి లేదు. అయితే ఒక్కరోజు ఆలస్యం చేసినా పురుగులు ప్యూపాలుగా, అంటే ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశకు, మారిపోతాయి, ఆ తర్వాత వారంలోపే ఇల్లంతా ఈగలు. అవి పెంటమీద వాలిన కాళ్లతోనే అన్నం మీదా వాలతాయి. వాసన సంగతి చెప్పనక్కరలేదు. రెండుసార్లు అలా జరిగాక ఆ పద్ధతిని పూర్తిగా వదిలేసి, బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగకు మారాను. శాస్త్రవేత్తలు హెర్మీషియా ఇల్యూసెన్స్ అని పిలిచే ఈ ఈగ చూడటానికి సన్నని కందిరీగలా ఉంటుంది కానీ కుట్టదు, కరవదు. పెద్ద ఈగగా బతికే వారం రోజుల్లో కాసిని నీళ్లు తాగడం తప్ప దాదాపు ఏమీ తినదు, పురుగు దశలో దాచుకున్న కొవ్వుతోనే కాలం గడుపుతుంది. అందువల్ల ఇంట్లోకి వచ్చి తినే పదార్థాల మీద వాలాల్సిన అవసరం దానికి లేదు. ఇంటి స్థాయిలో పెంచదలచినవారికి నా దృష్టిలో వేరే ఎంపిక లేదు.

ఏర్పాటు చాలా సాదాగా ఉంటుంది. అడుగున సన్నని రంధ్రాలున్న తొట్టి, ఊట దిగడానికి దాని కింద ఒక పళ్లెం, లోపలి నుంచి అంచు వరకు ఏటవాలుగా నిలిపిన ఒక పలక, ఆ పలక చివర వేలాడే పొడి బకెట్టు ఉంటే చాలు. గుడ్డు నుంచి వచ్చిన పురుగు రెండు మూడు వారాలు తిని, తెలుపు నుంచి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ దశలో తినడం మానేసి, కడుపు ఖాళీ చేసుకుని, పొడిగా చీకటిగా ఉండే చోటు కోసం మేత వదిలి పాకుతుంది. వాలు పలక ఉన్నది అందుకే. ఎవరూ ఏరనక్కరలేకుండా రాత్రిపూట అవే ఎక్కి బకెట్టులో పడతాయి. పొద్దున్నే బకెట్టు తీసి చూడటం నాకిప్పటికీ ఇష్టమైన పని. అవి తింటున్నప్పుడు తొట్టి దగ్గర చెవి పెడితే ఆకుల మీద సన్నని జల్లు పడుతున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు తగ్గితే లోపల ఏదో తేడా వచ్చిందని అర్థం.

ఆ తేడా పదిసార్లలో తొమ్మిదిసార్లు తేమ గురించే. కూరగాయల తొక్కలు, పండ్ల గుజ్జు వంటివి నీళ్లమయం. వాటిని అలాగే కుమ్మరిస్తే అడుగున గాలి ఆడని పొర ఏర్పడి, పుల్లగా మొదలైన వాసన రెండు రోజుల్లో భరించలేని కంపు అవుతుంది. బాగా నడుస్తున్న తొట్టికి తడిమట్టి వాసన తప్ప మరేమీ ఉండదు. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే కారాలన్నది నేను పాటించే కొలత. అంతకు మించితే పొడి తవుడో, రంపపు పొట్టో, ఎండుటాకులో కలుపుతాను. రెండో ఇబ్బంది వేడి. గుంపుగా తింటున్న పురుగులు తమంతట తామే వేడి పుట్టిస్తాయి. ఒక వేసవిలో మేత ఒక జానెడు మందం వేసి వదిలేస్తే లోపలి వేడి నలభై డిగ్రీలు దాటి, ఇంకా తెల్లగా ఉన్న పురుగులు సైతం గుంపులుగా పైకి వచ్చేశాయి. అప్పటి నుంచి నాలుగు వేళ్ల మందానికి మించి వేయడం లేదు. ఇరవై ఏడు నుంచి ముప్పై డిగ్రీల మధ్య ఇవి చురుగ్గా తింటాయి, చలి పెరిగే కొద్దీ రెండు వారాల పని నాలుగు వారాలకు సాగుతుంది.

ఇక్కడే ఒక పరాభవం చెప్పాలి. నిటారుగా ఉన్న ప్లాస్టిక్ గోడను పురుగు ఎక్కలేదని చదివి ధైర్యంగా ఉన్నాను. పొడి గోడ విషయంలో అది నిజమే. వానపడిన ఒక రాత్రి మూత పక్కకు జరిగి గోడలన్నీ తడిసిపోయాయి. తెల్లవారేసరికి వందల పురుగులు వసారా దాటి, తలుపు కింది సందులోంచి హాలులోకి వచ్చేశాయి. ఇంట్లోవాళ్లు ఆ తర్వాత నెలరోజులు ఈ వ్యాపకం పేరెత్తనివ్వలేదు. అంచు చుట్టూ లోపలికి వంగిన పట్టీ అతికించాక అలాంటిది మళ్లీ జరగలేదు. చీమల బెడద మాత్రం మొదటి రోజు నుంచీ ఉంది, తొట్టి పెట్టిన బల్ల కాళ్లను నీటి గిన్నెల్లో నిలిపితే ఆగిపోయింది.

పురుగును పెంచడం తేలిక, ఈగను నిలబెట్టుకోవడం కష్టం. ఈ సంగతి మొదలుపెట్టే ముందు నాకు ఎవరూ చెప్పలేదు. బకెట్టులో పడినవాటిలో కొన్నింటిని చేపలకు వేయకుండా పక్కన పెట్టి, పొడి పొట్టులో చీకట్లో ఉంచితే సుమారు రెండు వారాల్లో ఈగలు బయటికి వస్తాయి. వాటిని దోమతెర గూటిలో ఉంచాలి. ఇవి జతకట్టడానికి మంచి వెలుతురు, ముఖ్యంగా ఎండ, తప్పనిసరి. మబ్బు పట్టిన వారంలో నా గూటిలో ఒక్క గుడ్ల ముద్ద కూడా దొరకని రోజులు ఎన్నో. ఆడ ఈగ కుళ్లుతున్న మేత మీద నేరుగా గుడ్లు పెట్టదు, దానికి దగ్గరలో పొడిగా ఉండే సన్నని సందుల్లో పెడుతుంది. అందుకని లోపల సన్నని గొట్టాల్లాంటి ఖాళీలుండే అట్ట ముక్కలను వాసన వచ్చే మేత గిన్నెపైన వేలాడదీస్తాను. ఒక్కో ఆడ ఈగ అయిదు వందల నుంచి తొమ్మిది వందల వరకు గుడ్లు పెట్టి చనిపోతుంది, అవి సుమారు నాలుగు రోజుల్లో పిగులుతాయి. గుడ్డు నుంచి గుడ్డు వరకు మొత్తం ఆరు వారాలు పడుతుంది కాబట్టి, ఒక్క విడత తప్పితే నెలన్నర తర్వాత బకెట్టు ఖాళీగా కనిపిస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో గుర్తుపట్టే సరికి మరో విడత కూడా పోతుంది.

ఇక లెక్క. మొదటి ఏడాది నేను చేసిన పెద్ద పొరపాటు కిలో పురుగులను కిలో గుళికలకు సమానమని అనుకోవడం. బతికున్న పురుగు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే. అంటే మూడు కిలోల పురుగులు వేస్తే గాని ఒక కిలో పొడి మేత వేసినట్టు కాదు. నా తొట్లలో పది కిలోల తడి చెత్తకు కిలోన్నర నుంచి రెండు కిలోల పురుగులు వస్తున్నాయి, అదీ బాగా నడిచిన నెలల్లో. మా ఇంట్లో రోజుకు ఒక కిలో చెత్త పోగవుతుంది. దాని నుంచి రోజుకు రెండు వందల గ్రాముల లోపు పురుగులు, పొడి లెక్కన అరవై గ్రాముల మేత. చేపకు దాని బరువులో రెండు శాతం చొప్పున రోజూ మేత వేస్తామనుకుంటే, ఆ అరవై గ్రాములు మూడు కిలోల చేపలకు సరిపోతాయి. అంతే. వాటి మేతలో మూడో వంతు మాత్రం పురుగులతో నింపితే తొమ్మిది కిలోల చేపలకు వస్తుంది. ఒక ఇంటి చెత్తతో చెరువును పోషించవచ్చని ఊరించే మాటలు వినేవారు ఈ లెక్క ఒకసారి తమ కాగితం మీద వేసుకుంటే మంచిది.

చేపలు వీటిని ఎలా తీసుకుంటాయన్నది జాతిని బట్టి ఉంటుంది. క్యాట్‌ఫిష్ మొదటి రోజే నీళ్లు ఎగజిమ్ముతూ ఎగబడింది. తిలాపియాకు అలవాటు కావడానికి వారం పట్టింది. చిన్న చేపపిల్లలకు ముదురు పురుగు వేయకూడదు, మింగలేవు. దాని చర్మంలో కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది, పైగా అందులోని కైటిన్ అనే పదార్థం చేపలకు సరిగా అరగదు. వాటికోసం ఇంకా తెల్లగా ఉన్న లేత పురుగులను జల్లెడతో వేరుచేస్తాను. ఆరబెట్టిన పురుగులో సుమారు నలభై శాతం ప్రొటీన్, ముప్పై శాతం వరకు కొవ్వు ఉంటాయి. చేపపొడిలో ప్రొటీన్ అరవై శాతం పైమాటే, కొవ్వు తక్కువ. పైగా ఈ పురుగు కొవ్వులో లారిక్ ఆమ్లం అనే సంతృప్త కొవ్వు పాలు ఎక్కువ, చేపకు కావలసిన ఒమేగా-3 కొవ్వులు దాదాపు ఉండవు. కర్మాగారాల్లోలా కొవ్వును పిండి తీసే వీలు ఇంట్లో లేదు. ఉత్సాహం కొద్దీ ఒక దశలో సగానికి పైగా పురుగులే వేసినప్పుడు నీటిపై జిడ్డు తెట్టు కట్టింది, రెట్టలో అరగని తొక్కలు కనిపించాయి, చేపలు పెరిగే వేగం కంటికి తెలిసేలా తగ్గింది. తిరిగి మూడో వంతుకు తెచ్చాక మళ్లీ కుదుటపడ్డాయి. గుళికలకు తోడుగా ఇది చాలా మంచి మేత, గుళికలకు బదులుగా మాత్రం కాదు.

బతికున్నవాటిని నేరుగా వేయడం నేను మానేశాను. ఒకటి రెండు నిమిషాలు మరిగే నీటిలో ముంచి తీస్తే పురుగు చనిపోతుంది, నల్లబడకుండా నిలుస్తుంది, పైన అంటుకున్న క్రిములు చాలావరకు పోతాయి. ఈ పురుగులు తాము తినే చెత్తలోని హానికర బ్యాక్టీరియాను తగ్గిస్తాయన్నది నిజమే కానీ పూర్తిగా లేకుండా చేయవు, కాబట్టి చేతి తొడుగులూ వేడినీళ్లూ దండగ ఖర్చు కావు. ముంచినవాటిని చల్లార్చి డీప్‌ఫ్రీజర్‌లో ఉంచితే వారాల తరబడి నిలుస్తాయి. ఎండబెట్టి డబ్బాలో దాచినవి మాత్రం, కొవ్వు ఎక్కువ కావడంతో, నా దగ్గర రెండు నెలలకే ముక్కవాసన వేశాయి.

తొట్టిలో ఏమి వేయాలన్నదానికంటే ఏమి వేయకూడదన్నదే ముఖ్యం. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని చెత్త, పురుగుమందు చల్లిన ఆకులు నేను దగ్గరికి రానివ్వను, ఎందుకంటే కాడ్మియం వంటి లోహాలు ఈ పురుగుల ఒంట్లో పేరుకుంటాయి, అక్కడి నుంచి చేపకూ, చేప నుంచి మనకూ. నిమ్మజాతి తొక్కలు, పీచు కాడలు వేసినా తినకుండా మిగిలిపోతాయి. మాంసం వ్యర్థాలు త్వరగా పోతాయి గానీ వాసనతో ఇంటి ఈగలను పిలుచుకొస్తాయి. చేపల్ని అమ్మేవారు తమ ప్రాంతంలోని నిబంధనలను ముందే చూసుకోవాలి. ఐరోపా సమాఖ్య 2017 జూలైలో ఏడు రకాల కీటకాల ప్రొటీన్‌ను పెంపుడు చేపల మేతలో అనుమతించినప్పుడు, ఆ కీటకాలను వంటింటి వ్యర్థాల మీద, పెంట మీద పెంచకూడదన్న ఆంక్ష అలాగే ఉంది. నేను చేస్తున్నది అక్కడైతే అమ్మకానికి చెల్లదన్నమాట.

అడుగున మిగిలే నల్లని పొడి ఎరువుగా పనికొస్తుంది, నెల రోజులు మాగనిచ్చి మొక్కలకు వేస్తున్నాను.

రోజుకు ఈ పనికి నాకు పదిహేను నిమిషాలు పడుతోంది, వారానికోసారి జల్లెడ పట్టి తొట్టి కడిగే రోజున రెండు గంటలు. ఊరు వెళ్తే వారం వరకు తొట్లు తమను తాము చూసుకుంటాయి, ఈగల గూడు మాత్రం చూసుకోదు. ఈ ఏడాది కూడా మబ్బుల కాలంలో వరుసగా రెండు విడతలు తప్పి, బయటి నుంచి గుడ్లు తెప్పించుకోవలసి వచ్చింది. గూటికి కృత్రిమ వెలుతురు పెట్టే ప్రయత్నంలో ఇప్పుడున్నాను. మామూలు తెల్ల బల్బు కింద ఈగలు కదలకుండా కూర్చున్నాయి, జతకట్టలేదు. ఇంకో రకం దీపం నిన్ననే బిగించాను.