డిస్కు మీదే ప్రింటు: ఆషాఢాలు దాటొచ్చిన ఎప్సన్ ఎల్805 ప్రింటర్

2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలులోకి వచ్చి పోయాక, నెల రోజుల పాటు మా ఫోటో స్టూడియోకి జనం బురద పట్టిన సీడీలు సంచుల్లో వేసుకుని వచ్చారు. "అన్నా, మా పాప పెళ్లిది ఇదొక్కటే మిగిలింది, ఎట్లన్నా చేసి చూడు" అని ఒకాయన కవర్‌తో సహా నా చేతిలో పెట్టాడు. అది మేమే ఇచ్చిన వీసీడీ. పైన పేర్లతో మేము అంటించిన కాగితం స్టిక్కర్ నీళ్లకు ఉబ్బిపోయి ఉంది. మెల్లగా లాగితే స్టిక్కర్‌తో పాటు వెండి రంగు పొర కూడా ఊడొచ్చింది. చేతిలో మిగిలింది ఉత్త గాజుబిళ్ల లాంటి ప్లాస్టిక్. సీడీలో డేటా ఉండేది అడుగున కాదు, లేబుల్ కిందే, సన్నటి వార్నిష్ పూత చాటున. ఆ పొర పోతే పెళ్లి పోయినట్టే. డీవీడీలో డేటా రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది కాబట్టి వాటిలో చాలావరకు కడిగి ఆరబెడితే ఆడాయి.

ఆ రోజుతో స్టిక్కర్లు మానేశాను. కొన్నాళ్లు మార్కర్ పెన్నుతో రాసిచ్చాను. కానీ లక్షలు పెట్టి పెళ్లి చేసినాయనకు చేత్తో రాసిన డిస్కు ఇస్తే ముఖం చిట్లించుకునేవాడు. అట్లా డిస్కు మీద నేరుగా వేసే ప్రింటర్ల దారి పట్టాను.

మొదట కొన్నది కార్ట్రిజ్‌ల రకం, అంటే ఇంకు అయిపోతే దాని డబ్బీయే మార్చాలి, కంపెనీ పేరు అనవసరం. సీజన్‌లో వారానికో కార్ట్రిజ్ మార్చలేక రెండేళ్లకే మూలన పడేశాను. 2017లో ఎప్సన్ ఎల్805 తీసుకున్నాను. ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ (బాటిల్‌తో ఇంకు పోసుకునే రకం), ఏ4 సైజు, వైఫై ఉంది, స్కానర్ లేదు. అప్పటి నుంచి పెళ్లి డిస్కులన్నీ దీని మీదే.

కొనేవాళ్లు ముందు చూడాల్సింది ప్రింటు నాణ్యత కాదు, ట్రే, అంటే డిస్కును పెట్టి ప్రింటర్‌లోకి తోసే పలక. డిస్కు మందం 1.2 మిల్లీమీటర్లు, అది కాగితంలా వంగదు. ముందు నుంచి కాగితం లోపలికెళ్లి గుండ్రంగా తిరిగి మళ్లీ ముందుకే వచ్చే ప్రింటర్లలో, డిస్కు కోసం తిన్నగా వెళ్లే దారి వేరుగా ఉంటే తప్ప పని జరగదు. షాపులో అడిగితే "అన్నీ వేస్తది సార్" అంటారు. డబ్బా విప్పించి ట్రే చూపించమనండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే మరీ ముఖ్యం, ట్రే పోగొట్టుకున్న ప్రింటర్లే ఎక్కువ అమ్మకానికొస్తాయి. ఒక మోడల్ ట్రే ఇంకో మోడల్‌కు సరిపోతుందన్న గ్యారంటీ లేదు. కెనాన్‌లో కూడా కొన్ని పిక్స్‌మా మోడళ్లకు డిస్క్ ట్రే ఉంటుంది, కానీ నా అనుభవంలో కార్ట్రిజ్ అంటేనే పెళ్లిళ్ల సీజన్‌లో టెన్షన్.

ప్రింటర్ ఆన్ చేసేటప్పుడు ట్రే లోపల ఉండకూడదు. లైట్లు నిలకడ అయ్యాక, బాణం గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా తోయాలి. మొదటి వారం నాకు ప్రతి డిస్కులోనూ బొమ్మ ఒక పక్కకు జరిగి అంచున తెల్లటి నెలవంక మిగిలేది. ఎప్సన్ ప్రింట్ సీడీ సాఫ్ట్‌వేర్‌లో పొజిషన్ సర్దుబాటు ఉంది. చెడిపోయిన డిస్కు ఒకటి పెట్టుకుని కొద్దికొద్దిగా జరుపుతూ పోతే కుదిరింది, మళ్లీ మార్చాల్సిన పని రాలేదు.

లోపలి వ్యాసం కొలత, అంటే డిస్కు మధ్యలో ప్రింటు ఎక్కడ ఆగాలన్నది, ఇంకో తలనొప్పి. కొన్ని డిస్కులకు ఇంకు పీల్చే తెల్లపూత 46 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, కొన్నింటికి 22, 23 దాకా వస్తుంది. పూత లేనిచోట ఇంకు పడితే అది ఆరదు. నూనెచుక్కలా అట్లే నిలబడి వేలికి, ట్రేకి, ఆ తర్వాత పెట్టే డిస్కు అడుగుకి అంటుకుంటుంది. కొత్త లాట్ రాగానే స్కేలు పెట్టి కొలుస్తాను. పూత రంధ్రం దాకా వచ్చినా రంధ్రం రంధ్రమే కదా. మా కుర్రాడు ఒకసారి తలంబ్రాల ఫోటో తీసుకుని సరిగ్గా పెళ్లికొడుకు ముక్కు దగ్గర చిల్లు పడేలా డిజైన్ చేశాడు. పెళ్లికూతురు తరఫువాళ్లు పడీపడీ నవ్వారు, పెళ్లికొడుకు తరఫువాళ్లు నవ్వలేదు.

తెల్లగా ఉన్న ప్రతి డిస్కూ ప్రింటబుల్ కాదు. వేలు కొద్దిగా తడి చేసి పైన తాకితే ఇంకు పీల్చే పూత జిగటగా తగులుతుంది, మామూలు తెల్లరంగైతే జారిపోతుంది. ఇదివరకు మోసర్ బేర్ డిస్కులు ఊళ్లోనే దొరికేవి. 2018లో ఆ కంపెనీ మూసివేతకు ఆర్డర్ వచ్చాక మాకు కోఠి దిక్కయింది. హైదరాబాద్ వెళ్లినప్పుడు యాభై డిస్కుల డబ్బాలు ఒకే లాట్‌వి తెచ్చుకుంటాను. లాట్ మారితే ఎరుపు మారుతుంది. మధుపర్కాల ఎర్రంచు ఒక డిస్కులో కుంకుమలా, ఇంకోదాంట్లో ఇటుకపొడిలా వస్తే అడిగేవాళ్లకు ఏం చెప్పాలి?

ముందు వీడియో బర్న్ చేయాలి, ఆడించి చూసుకోవాలి, ఆ తర్వాతే ప్రింటు. ప్రింటు వేసే హడావుడిలో అడుగున వేలిముద్ర, దుమ్ము, గీత పడితే బర్నింగ్ దెబ్బతింటుంది. వేశాక ఒక రోజంతా నీడలో ఆరనివ్వాలి. ఒక నిఖా డిస్కు మర్నాడు వలీమాకే కావాలని తొందరపెడితే వెంటనే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇచ్చాను. కవర్ తీసేసరికి ఆకుపచ్చ దుపట్టా సగం కవర్‌కే ఉండిపోయింది. ఫ్రీగా ఇంకోటి వేసిచ్చాను.

ఇంకు 70 మిల్లీలీటర్ల బాటిళ్లు. అందరూ నలుపు ముందు అయిపోతుందనుకుంటారు. పెళ్లి ఫోటోలకు ముందు ఖాళీ అయ్యేవి లేత రంగులు, లైట్ మెజెంటా (లేత గులాబీ), లైట్ సయాన్ (లేత నీలం), ఎందుకంటే ఒంటిరంగంతా వాటితోనే కడుతుంది. చవకని ఒకసారి లోకల్ ఇంకు పోశాను. ముఖాలన్నీ పసుపు నలుగు పెట్టినట్టొచ్చాయి. మళ్లీ పోయలేదు.

ఇది డై ఇంకు, అంటే నీళ్లలో కరిగే రంగు, నీళ్లంటే భయం. తడిచేత్తో ముట్టుకుంటే పేర్లు కారిపోతాయి, షోకేసులో ఎండకు పెట్టిన శాంపిల్ ఒక్క వేసవికే పాలిపోయింది. వరద గుర్తుంది కాబట్టి, మధ్యలో డేటా లేని పారదర్శకమైన ప్లాస్టిక్ రింగు మీద ఇంటిపేరు, తేదీ సన్న మార్కర్‌తో రాసిపెడతాను.

ఇక అసలు కష్టం. మా ఊరి ఎండకు, ఇంకుకు పడదు. మాఘం నుంచి వైశాఖం దాకా రోజూ నడిచే ప్రింటర్, ఆషాఢం వస్తే, దానికి మూఢం తోడైతే, నెలలు ఖాళీగా కూర్చుంటుంది. 2019లో అట్లా ఖాళీగా ఉంచాను, పైగా రోజూ స్విచ్‌బోర్డు దగ్గరే ఆపేసేవాణ్ని. శ్రావణంలో మొదటి ప్రింటు తీస్తే ఆకాశం మీద అడ్డగీతలు. ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు పనిచేస్తున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ షీటులో సయాన్ గీతలు సగం లేవు. ప్రింటర్‌లోనే ఉండే హెడ్ క్లీనింగ్ మీద క్లీనింగ్ చేశాను, ట్యాంకుల్లో ఇంకు మట్టం కిందికి దిగింది కానీ గీతలు పోలేదు. చివరికి ఒక రాత్రి వదిలేసి పొద్దున మళ్లీ చేస్తే వచ్చాయి. తప్పు నాదే. ప్రింటర్ మీదున్న బటన్ నొక్కి ఆపితేనే ఇంకు చిమ్మే హెడ్ వెళ్లి తన మూత మీద కూర్చుంటుంది, బోర్డు దగ్గర కరెంటు తీస్తే ఎక్కడున్నది అక్కడే నోరు తెరుచుకుని ఆరిపోతుంది. ఇప్పుడు చిన్న యూపీఎస్ పెట్టాను, పని ఉన్నా లేకున్నా ప్రతి సోమవారం ఒక చెక్ షీటు, ఒక రంగుల ఫోటో తీస్తాను. ఊరికే క్లీనింగ్‌లు కొట్టకండి, ఆ ఇంకంతా లోపలున్న వేస్ట్ ప్యాడ్ (వృథా ఇంకు పీల్చే మెత్త)లోకే పోతుంది, అది నిండితే ప్రింటర్ ఆగి సర్వీస్ అడుగుతుంది. మాది ఒకసారి మార్పించాం.

ఇప్పుడు పెళ్లివాళ్లు పెన్‌డ్రైవ్ అడుగుతున్నారు. డిస్కులు అడిగేది పెద్దవాళ్లు, స్కానింగ్ సెంటర్లు, కోర్టులో సీసీటీవీ ఫుటేజీ దాఖలు చేసే లాయర్లు. వాళ్లకు బొమ్మలు అక్కర్లేదు, కేసు నంబరు చెరిగిపోకుండా ఉంటే చాలు. అదే ట్రే దారిలో కార్డు ట్రే పెట్టి స్కూల్ ఐడీ కార్డులు వేస్తున్నాం, సగం ఆదాయం ఇప్పుడు అదే. ఆధార్ వేయమని వచ్చేవాళ్లకు మాత్రం లేదంటాను. బయట ప్రింటు చేయించిన పీవీసీ కార్డుల్ని వాడొద్దని ఆధార్ సంస్థ 2022లోనే చెప్పింది. "పక్క షాపులో ఏస్తాండారు కదన్నా" అని విసుక్కుంటూ పోతారు.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు ఇదే వరుసలో తర్వాత వచ్చిన ఎల్8050 చూడొచ్చు, అదీ ఆరు రంగులే, డిస్కుకూ కార్డుకూ ట్రే ఉంది. నెలకు పది డిస్కులు కూడా వేయనివాళ్లు మాత్రం కొనొద్దు. ఇంకు ఎండబెట్టుకోవడానికి అంత డబ్బు పోసే బదులు, ఊళ్లో ఏ స్టూడియోలోనైనా డిస్కుకింతని ఇచ్చి వేయించుకోండి.