స్టూడెంట్ థ్రిల్లర్: రాత్రి రోడ్డు మేలా, ఒక్క గది మేలా?

కాలేజీలో థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకునే టీమ్‌ని కథ అడగండి. చాలామంది చెప్పేది ఒకటే: అర్ధరాత్రి, ఖాళీ రోడ్డు, వెనకాల ఎవరో వస్తున్నారు. చెబుతుంటే వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ చేతిలో ఉన్నది ఒక కెమెరా, నలుగురు స్నేహితులు, మధ్యలో ఇంటర్నల్స్. అలాంటప్పుడు రోడ్డు మీదికి వెళ్లాలా, ఒకే గదిలో కథ నడపాలా అంటే నా ఓటు గదికే.

ముందు వెలుతురు సంగతి. వీధి దీపం కింద నిలబడ్డ స్నేహితుడి ముఖం మన కంటికి బాగానే కనిపిస్తుంది. కెమెరాకు అంత కనిపించదు. ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే కెమెరా సున్నితత్వం, పెంచితే కెమెరా వెనకున్న చిన్న స్క్రీన్ మీద ఫర్వాలేదనిపిస్తుంది. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే తెరంతా చీమలు పాకుతున్నట్టు చుక్కలు చుక్కలుగా నాయిస్. పెద్ద సినిమాల్లో మనం చూసే రాత్రి నిజానికి చీకటి కాదు. పెద్ద పెద్ద లైట్లు పెడతారు, రోడ్డును నీళ్లతో తడిపి ఆ వెలుగు మెరిసేలా చేస్తారు. ఆ ఏర్పాట్లేవీ లేకుండా మనకు అదే రాత్రి దొరకదు.

గదిలోనైతే పట్టపగలే అర్ధరాత్రి తీయొచ్చు. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, సందుల్లో నల్ల చార్టులు అంటించి, ఒక టేబుల్ ల్యాంప్ పెడితే చాలు. ముఖం సగం వెలుగులో, సగం నీడలో ఉంటుంది. భయానికి కావలసింది ఆ నీడే. ఒక్క జాగ్రత్త: మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో పాటే కొన్ని లైట్లు కంటికి తెలియకుండా మినుకుతాయి. షటర్ వేగం (ఒక్కో ఫ్రేమ్‌కు వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 వంతు దగ్గరో 1/100 వంతు దగ్గరో పెట్టకపోతే పాత ట్యూబ్‌లైట్ల కింద, చవక ఎల్ఈడీల కింద తెర మీద పట్టీలు కదులుతాయి. ఫోన్‌తో తీస్తున్నా సరే, ఆటో మోడ్ వదిలేసి ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), ఫోకస్ లాక్ చేయండి. లేకపోతే నటుడు తల తిప్పినప్పుడల్లా గది వెలుతురు మారిపోతుంది.

రోడ్డు మీద ఇంకో తలనొప్పి జనం. రెండో టేక్ మొదలయ్యేసరికి కుక్కలు చేరతాయి, బైకుల మీద వెళ్లేవాళ్లు ఆగి మరీ చూస్తారు. డమ్మీ తుపాకీ, ఉత్తుత్తి కత్తి పట్టుకుని పబ్లిక్ రోడ్డు మీద పరుగెత్తడమైతే అసలే వద్దు. దూరం నుంచి చూసేవాడికి అది షూటింగ్ అని ఎలా తెలుస్తుంది? స్థానిక పోలీస్ స్టేషన్‌లో చెప్పి, అనుమతి తీసుకున్నాకే అలాంటి సీన్ పెట్టుకోవాలి.

రిహార్సల్ సంగతికొస్తే, హాలీవుడ్ దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ‘ఫాలోయింగ్’ 1998లో వచ్చింది. లండన్‌లో స్నేహితులతో కలిసి, అందరూ ఉద్యోగాలు చేసుకుంటూనే, వారాంతాల్లో దాదాపు ఏడాది పాటు 16 ఎంఎం బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రీల్ మీద తీశారు. ఎక్కువగా దొరికిన వెలుతురులోనే పని కానిచ్చారు. ఫిల్మ్ వృథా కాకూడదని ముందే బాగా రిహార్సల్ చేసి, ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. ఇప్పుడు మెమరీ కార్డులో ఎన్ని టేకులైనా పడతాయి కాబట్టి మనవాళ్లు రిహార్సల్ మానేశారు. నాకు బాగా బాధ కలిగించే విషయం ఇదే. గదిలో తీస్తే షూటింగ్‌కు ముందు వారమంతా సాయంత్రాలు అక్కడే రిహార్సల్ చేసుకోవచ్చు. రోడ్డు మీద ఆ వీలెక్కడిది?

ఇక సౌండ్. లొకేషన్‌లోనే రికార్డ్ చేయడమా, తర్వాత డబ్బింగ్ చెప్పడమా? అమెరికన్ దర్శకుడు రాబర్ట్ రోడ్రిగ్జ్ సుమారు 7,000 డాలర్లతో తీసిన ‘ఎల్ మరియాచి’ 1992లో వచ్చింది. కెమెరాతో పాటే సౌండ్ పట్టే వీలు లేక, షాట్ అవగానే అదే నటులతో, అదే చోట డైలాగులు మళ్లీ చెప్పించి విడిగా రికార్డ్ చేసుకున్నాడు. మనకు పనికొచ్చే పద్ధతి ఇదే. టేక్ ఓకే అవగానే కెమెరా ఆపి, మైక్ నోటి దగ్గర పెట్టి ఇంకోసారి చెప్పించండి. నెల తర్వాత హాస్టల్ గదిలో కూర్చోబెట్టి డబ్బింగ్ చెప్పిస్తే ఆ ఆయాసం, ఆ వణుకు మళ్లీ రావు.

మైక్ దూరం రెట్టింపైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గది చప్పుడు మాత్రం ఉన్నంతా ఉంటుంది. కాబట్టి కెమెరా మీద మైక్ కన్నా చొక్కా లోపల దాచిన చవక కాలర్ మైక్ నయం. మే నెల విజయవాడలోనైనా సరే, టేక్ సమయంలో ఫ్యాన్ ఆపాల్సిందే. ఫ్రిజ్ కూడా. మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి, తాళాల కోసం వెళ్లినప్పుడు గుర్తొస్తుంది. ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డ్ చేసుకుని, ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య పరిస్తే అతుకులు తెలియవు.

గది బలం ఎక్కడుందో చూడండి. అమ్మాయి మంచం మీద చదువుకుంటోంది. వరండాలో చెప్పుల చప్పుడు. తలుపు ముందుకొచ్చి ఆగింది. తలుపు కింది సందులో వెలుగుకు అడ్డంగా రెండు పాదాల నీడ. గడియ కొంచెం కదిలింది. దీనికి నాలుగు షాట్లు, దగ్గరగా మైక్ పెట్టి పట్టిన గడియ శబ్దం చాలు. ఇదే టెన్షన్ రోడ్డు మీద రప్పించాలంటే ఎన్ని షాట్లు కావాలో లెక్క వేసుకోండి.

కథ విషయానికొస్తే, చివర్లో ట్విస్టా, మొదటి నుంచీ సస్పెన్సా? సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ చెప్పిన బాంబు ఉదాహరణ ప్రసిద్ధం. బల్ల కింద బాంబు ఉన్నట్టు ప్రేక్షకుడికి తెలియకపోతే, అది పేలినప్పుడు కొన్ని సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిస్తే, బల్ల దగ్గర వాళ్లు మామూలుగా కబుర్లు చెప్పుకుంటున్నంతసేపూ ఉత్కంఠ. స్టూడెంట్ సినిమాల్లో ‘అంతా కల’, ‘చంపినవాడు, వెతికేవాడు ఒక్కడే’ అనే ముగింపులు ప్రేక్షకుడు సగంలోనే పసిగడతాడు. మంచం కింద మనిషి ఉన్నాడని మనకు చూపించి, ఆ అమ్మాయికి చెప్పకండి. ఆమె కింద పడ్డ పెన్ను కోసం వంగితే హాలంతా ఊపిరి బిగబడుతుంది.

మ్యూజిక్ గురించి ఒక్క మాట: పేరున్న సినిమా బీజీఎం ఎత్తి పెడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. కీబోర్డు వాయించే క్లాస్‌మేట్‌ను అడగండి.

రోడ్డు గెలిచే సందర్భం ఒకటుంది. ఆ దారి లేకపోతే కథే లేదన్నప్పుడు, అంటే ఆఖరి బస్సు తప్పిపోయిన వాడి భయమే సినిమా అయినప్పుడు, గదిలోకి కుక్కకూడదు. అప్పుడు క్యాంపస్ లోపలి దారి కోసం ప్రిన్సిపాల్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పొద్దుగూకిన తర్వాత ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉండే ఆ ఇరవై నిమిషాలకు అన్నీ సిద్ధం చేసుకోండి. వైడ్ షాట్లన్నీ ముందు తీసేసి, పూర్తిగా చీకటి పడ్డాక క్లోజప్‌లు దీపం కింద తీసుకోండి.