రెండున్నరేళ్లుగా నేను రాసుకుంటున్న క్రియల నోట్‌బుక్

నేను డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక, నాకు ఇంగ్లిష్‌లో క్రియలు ఎంత తక్కువ వచ్చో తెలిసింది. ఎవరెలా నడిచినా 'వాక్', ఎలా చూసినా 'లుక్', ఎలా తాగినా 'డ్రింక్'. చాలదనిపిస్తే పక్కన ఒక 'స్లోలీ' తగిలించేదాన్ని.

ముందు ఫోన్‌లో ఒక యాప్ వాడాను. రోజుకు పది మాటలు. ట్రడ్జ్ అంటే నడుచు, స్ట్రోల్ అంటే నడుచు, లింప్ అన్నా నడుచే! మూడు నెలల తర్వాత టిక్కులైతే సరిగ్గా పెడుతున్నాను గానీ, ఒక్కటీ నోటికి రావడం లేదు. తీసేశాను.

అప్పుడు 200 పేజీల నోట్‌బుక్ ఒకటి కొన్నాను. ఎడమ పేజీలో మన మాట, ఇంట్లో ఎలా అంటామో అలాగే. కుడి పేజీలో దానికి సరిపడే ఇంగ్లిష్ క్రియ, నేను కళ్లారా చూసిన దాని మీద ఒక వాక్యం. అంతే.

నాలుగైదు పేజీలు నిండేసరికి ఒక సంగతి పట్టుబడింది. మనం నడక ముందు 'గునగున' పెడతాం, తాగడం ముందు 'గటగటా' పెడతాం. ఇంగ్లిష్‌లో ఆ రెండూ కలిసి ఒకే క్రియలో ఉంటాయి. మా తమ్ముడి కూతురు గునగునా నడిస్తే టాడిల్. నీళ్లు గటగటా తాగితే గల్ప్. జొన్న అంబలి జుర్రితే స్లర్ప్. మా నాయనమ్మ తనలో తను గొణుక్కుంటే మటర్, సణిగితే గ్రంబుల్. గుడ్లురిమి చూస్తే గ్లేర్, తలుపు సందులోంచి తొంగిచూస్తే పీక్. ఇవన్నీ చిన్నప్పటి నుంచి నాకు తెలిసినవే, ఇంగ్లిష్ పేరు ఒక్కటే కొత్త!

నాకు బాగా ఇష్టమైనది పిల్లలమర్రి పేజీ. మహబూబ్‌నగర్ దగ్గరున్న పాత పెద్ద మర్రిచెట్టు అది. ఆ మర్రి కొమ్మలు ఊడలు దించుకుంటూ ఎకరాల కొద్దీ పరుచుకున్న తీరుకు 'స్ప్రాల్' అని రాశాను. 2018లో చెదలు పట్టిన కొమ్మలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించినప్పటి చుక్కలకు 'డ్రిప్'. కొమ్మలు ఒరగకుండా కింద ఊతం పెట్టినందుకు 'ప్రాప్ అప్'. ఈ మూడూ ఇక జన్మలో మరిచిపోను.

లోపం లేకపోలేదు. ఒకసారి అంతిమయాత్ర గురించి రాస్తూ, జనం నెమ్మదిగా నడిచారు కదా అని 'సాంటర్' వాడాను. మా ఇంగ్లిష్ సార్ చదివి, "అమ్మా, అది ఏ చింతా లేనోళ్లు తీరిగ్గా నడిచే నడక" అన్నారు. ఆ కుటుంబం నాకు తెలిసినవాళ్లే, మనసు చివుక్కుమంది. అప్పటి నుంచి ప్రతి క్రియ కింద 'ఎప్పుడు వాడకూడదు' అని ఇంకో వరుస రాస్తున్నాను. గ్లేర్ పక్కన 'ఎట్' రావాలి లాంటివి కూడా అక్కడే. ఈ వరుస మొదటి రోజు నుంచే ఉండాల్సింది. తొందరగా పరీక్ష రాయాల్సినవాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు, వారానికి నాలుగు మాటలకు మించి సాగదు.

ఇప్పుడు మూడో నోట్‌బుక్ నడుస్తోంది. అందులో 'అలగడం' ఎదుట 'సల్క్' అని పెన్సిల్‌తో రాసి ఉంచాను. సల్క్‌లో మూతి ముడుచుకోవడం ఉంది గానీ, ఎవరో వచ్చి బతిమాలాలని లోపల ఎదురుచూడటం లేదు. ఆ పేజీని ఇంకా పెన్నుతో దిద్దలేదు.