మా సీనియర్ కమ్యూనిటీలో పాత పాటల కార్యక్రమం: కొన్నేళ్లు విన్నాక నా అభిప్రాయం

హైదరాబాద్ శివార్లలో మేముంటున్న సీనియర్ కమ్యూనిటీలో వారానికోసారి పాత పాటల కార్యక్రమం జరుగుతుంది. బయటి సంస్థ ఒకటి కాంట్రాక్టు మీద నడుపుతోంది. కీబోర్డు, స్పీకర్లు పట్టుకుని ఒక అబ్బాయి వస్తాడు, తోడుగా ఒక గాయని. మేము ఇక్కడికి మారిన కొత్తలోనే ఇది మొదలైంది కాబట్టి అన్ని దశల్లోనూ చూశాను. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, పాడటం ఇష్టం. మావారు వినికిడి యంత్రం లేకుండా వినలేరు. మా ఇద్దరి అనుభవమూ కలిపి రాస్తున్నాను. అమ్మానాన్నల్ని ఇలాంటి చోట చేర్చాలనుకునేవాళ్లకీ, ఇలాంటి కార్యక్రమాలు నడిపేవాళ్లకీ పనికొస్తుంది.

ఇప్పుడున్న రూపంలో ఇది చాలా మంచి కార్యక్రమం. మొదట్లో ఇలా లేదు. పాడేవాళ్లు అప్పుడూ బాగానే పాడేవారు, చిక్కంతా పాటల ఎంపికలోనే ఉండేది.

తొలి ఏడాది వాళ్లు తెచ్చిన జాబితా నిండా 1950ల పాటలే. పెద్దవాళ్లంటే ఘంటసాల, లీల, జిక్కి, ఏ.ఎం. రాజా అన్న లెక్కన ఎవరో తయారుచేసినట్టుంది. మాది గుడివాడ వైపు, ఘంటసాల గారు పుట్టిన చౌటపల్లి మాకు దగ్గరే. ఆయన పాటంటే నాకు ప్రాణం. అయినా సరే, వయసుల లెక్క ఒకసారి చూడండి. మనిషిలో గట్టిగా నిలిచిపోయేవి పదేళ్లు దాటినప్పటి నుంచి పాతికేళ్లు వచ్చేలోపు విన్న పాటలు. జ్ఞాపకశక్తి మీద పనిచేసే పరిశోధకులు కూడా ఆ వయసు జ్ఞాపకాలే ఎక్కువగా మిగులుతాయంటారు. మా దగ్గర తొంభైకి చేరువైనవాళ్లకు ఆ వయసు 1950లలో గడిచింది. డెబ్బై నిండినవాళ్లు 1955 ప్రాంతంలో పుట్టారు. వాళ్లు ఇంకా కాలేజీలో ఉండగానే, 1974లో, ఘంటసాల గారు వెళ్లిపోయారు. వాళ్ల పాటలు రాజన్-నాగేంద్ర, సత్యం, చక్రవర్తి, రమేశ్ నాయుడు కట్టినవి. 'శంకరాభరణం' వచ్చిన 1980 నాటికి వాళ్లు చంకన బిడ్డతో సినిమా హాలుకి వెళ్లినవాళ్లు. అంటే ఒకే హాల్లో రెండు తరాలు కూర్చుని ఉన్నాయి, కార్యక్రమం మాత్రం ఒక్క తరానికే జరుగుతోంది.

వయసు సంగతి అలా ఉంటే, ఊరిని బట్టి ఇంకో తేడా ఉంది. సుల్తాన్ బజార్‌లో పెరిగిన ఒక పెద్దాయన నెలల తరబడి వెనక వరసలో పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. ఆయనకు పాటలంటే ఇష్టం లేదనుకున్నారంతా. ఆయన చిన్నతనమంతా బుధవారం రాత్రి రేడియో సిలోన్, అమీన్ సయానీ గొంతు, బినాకా గీత్‌మాలా అనే హిందీ పాటల కార్యక్రమం. రఫీ, తలత్ మహమూద్ పాటలు అడిగితే గంటసేపు పాడగలరు. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒకావిడ పెళ్లయ్యేదాకా చూసిన సినిమాలు తక్కువ. ఆవిడకు పాటంటే బతుకమ్మ పాట, నాట్ల పాట. తెనాలి దగ్గరి మాష్టారు ఒకరున్నారు, ఆయనకు సినిమా పాట అసలు ఆనదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటక పద్యాలు, హార్మోనియం, పద్యం చివర తీసే రాగం, జనం అరిచే వన్స్‌మోర్, అదీ ఆయన సంగీతం. వీళ్లందరికీ ఒకే జాబితా ఎలా సరిపోతుంది?

రెసిడెంట్స్ కమిటీ తరఫున మేము ముగ్గురం ఒక కాగితం తయారుచేశాం. కొత్తగా చేరినవాళ్లు అందులో తమకిష్టమైన పాట పేరు రాయక్కర్లేదు. పదిహేనేళ్ల వయసులో ఏ ఊళ్లో ఉన్నారు, రేడియో ఎవరింట్లో ఉండేది, సినిమాకి ఎక్కడికి వెళ్లేవారు, అమ్మ వంట చేస్తూ ఏం పాడుకునేది, ఇవే ప్రశ్నలు. ఇష్టమైన పాటేమిటంటే అందరూ మర్యాదకి ఏదో ఒకటి చెప్పేస్తారు. ఊరి గురించి అడిగితే మాత్రం ఆగరు. పంచాయతీ ఆఫీసు అరుగు మీది రేడియో, పెళ్లింటి మైకుసెట్టు, టూరింగ్ టాకీస్‌లో ఆట మొదలయ్యే ముందు వేసే భక్తిపాట, పొద్దున్నే విజయవాడ కేంద్రం నుంచి భక్తిరంజని, అన్నీ బయటికొచ్చాయి. ఆ కాగితాలు చూసి వారం వారం పాటలు ఎంచుకోవడం మొదలుపెట్టాక హాలు నిండటం మొదలైంది. ఆ సుల్తాన్ బజార్ పెద్దాయన ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటారు, నెలకోసారి పెట్టే హిందీ పాటలకి ఆయనే పెద్ద.

శ్రుతి విషయం చాలామంది పట్టించుకోరు. కరోకే ట్రాకులు, అంటే గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉండేవి, ఎక్కువగా అసలు పాట శ్రుతిలోనే ఉంటాయి. సుశీల గారి పాటని ఆ స్థాయిలో అందుకోవడం డెబ్బై దాటిన ఆడవాళ్ల వల్ల కాదు, వయసుతోపాటు గొంతు కిందికి దిగుతుంది. చరణంలో పైస్థాయి రాగానే ఒక్కొక్కరూ మానేసేవారు. తమకిక పాడటం రాదనుకుని ఒకరిద్దరు రావడమే మానేశారు కూడా. ఆ అబ్బాయితో చెప్పి ట్రాకుని రెండు మూడు మెట్లు దించి వేయించాం. ఫోన్‌లో ఒక్క మీట నొక్కితే అయ్యే పని. అంతే, హాలంతా గొంతు కలిపింది. నాకు తెలిసి ఈ కార్యక్రమంలో జరిగిన అతి పెద్ద మార్పు ఇదే, దీనికి పైసా ఖర్చు కాలేదు.

వినికిడి సంగతికి మావారే సాక్షి. మొదట భోజనాల హాల్లో పెట్టేవారు. నున్నటి టైల్స్ నేల, కర్టెన్లు లేని అద్దాలు, మూలకి రెండు పెద్ద స్పీకర్లు. శబ్దం గోడలకి కొట్టుకుని గింగిర్లు తిరిగేది. వినబడని మనిషికి సౌండు పెంచితే చాలు అనుకుంటారు. వయసు మీద పడ్డాక ముందు పోయేవి సన్నటి శబ్దాలు, మాటల్లోని హల్లులు వాటిలోనే ఉంటాయి. సౌండు పెంచితే తబలా, బేస్ మాత్రమే పెరిగి సాహిత్యం మునిగిపోతుంది. పైగా వినికిడి యంత్రాలు ముఖ్యంగా మాట కోసం తయారైనవి, సాగదీసిన వేణువు స్వరాన్ని తమలో పుట్టే ఈల మోతనుకుని కొన్ని నొక్కేస్తాయి. ఆడియాలజిస్టుని అడిగి సంగీతానికి వేరే ప్రోగ్రాం పెట్టించుకున్నాక మావారికి వీణ వీణలా వినిపిస్తోంది. యంత్రం వాడే ప్రతివాళ్లూ ఈ మాట అడగాలి. కార్యక్రమాన్ని కూడా తివాచీ, పుస్తకాల బీరువాలు ఉన్న లైబ్రరీకి మార్పించాం. గింగిర్లు చాలావరకు పోయాయి. పాటల సాహిత్యం పెద్ద అక్షరాల్లో తెలుగులోనే అచ్చు వేసి ఇవ్వమని అడిగి సాధించుకున్నాం.

విషాద గీతాల మీద మాలో పెద్ద చర్చే జరిగింది. కొందరి పిల్లలు ఫోన్ చేసి, అమ్మ ఏడుస్తోంది, అలాంటి పాటలు వద్దన్నారు. సంస్థవాళ్లు వెంటనే తీసేసి హుషారు పాటలే వేశారు. నేను ఒప్పుకోలేదు. భర్త పోయిన ఏడాదిలో ఉన్న మనిషి పాట విని కన్నీళ్లు పెట్టుకుంటే ఆ పాట చేయాల్సిన పనే చేసింది. మరుపు జబ్బు ముదిరినవాళ్ల విషయం వేరు. మా మూడో బ్లాకులో ఒక పిన్నిగారు కొడుకు పేరు మరిచిపోయారు, కానీ పల్లవి ఎత్తుకుంటే చరణాలు అక్షరం పొల్లుపోకుండా పాడతారు. అదే ఆవిడ ఒక జోలపాట విని కలవరపడి, పసిబిడ్డ ఎక్కడ అని రాత్రిదాకా వెతికారు. పాట వేసిన సంస్థవాళ్లు అప్పటికే సామాను సర్దుకుని వెళ్లిపోయారు, నర్సుకి సంగతే తెలియదు. ఇప్పుడు కార్యక్రమంలో ఒక కేర్‌టేకర్ తప్పకుండా కూర్చుంటుంది, అయిపోయాక ఇంకో అరగంట ఉంటుంది. ఎవరికి ఏ పాట పడదో కూడా ఆ కాగితం మీద రాసి ఉంటుంది. ఆవిడలాంటివాళ్ల కోసమే వేళ కూడా సాయంత్రం నుంచి మధ్యాహ్నం కాఫీ తర్వాతకి జరిపారు, పొద్దుగూకే వేళకి వాళ్లలో ఆందోళన పెరుగుతుంది. గంట దాటనివ్వరు. అంతకంటే ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడం కష్టం.

ఇంకా సరికాని సంగతి ఒకటుంది. ఆ అబ్బాయి మంచివాడే, కానీ అందరినీ "అమ్మమ్మా, తాతయ్యా, చప్పట్లేవీ!" అంటాడు, ఒకటో తరగతి పిల్లల్ని పలకరించినట్టు. మాలో ఇంజనీర్లున్నారు, నర్సులున్నారు, పొలం చేసినవాళ్లున్నారు. అండీ అంటే చాలు. చెప్పి చూశాం, మళ్లీ మొదటికే వస్తున్నాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆకాశవాణి నుంచి తీసుకున్నాం. చిన్నప్పుడు రేడియోలో 'ఈ మాసపు పాట' అని వచ్చేది, ఒక లలితగీతాన్ని నెలంతా వేసేవారు. వినీ వినీ నేర్చేసుకునేవాళ్లం. అలాగే నెలకో పాట, ఎవరికీ తెలియనిది, వారం వారం కొంచెం కొంచెంగా నేర్చుకుంటాం. కరీంనగర్ ఆవిడ నేర్పిన ఉయ్యాల పాట అలాగే అందరికీ వచ్చింది, మొన్న బతుకమ్మకి గుంటూరు, కృష్ణా ఆడవాళ్లు కూడా తడుముకోకుండా పాడారు. పాత పాటలంటే తెలిసినవే తిప్పి తిప్పి వినడం అనుకునేవాళ్లకి ఇది తప్పక చూపించాలి. ఎనభైల్లో ఉన్న మనిషి కూడా కొత్త పాట నేర్చుకుంటారు, కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలంతే.

గదిలో ఒంటరిగా వినడానికి, పాత పాటలు ముందే నింపి అమ్మే కారవాన్ లాంటి పెట్టె మా ఇంట్లోనూ ఉంది. మీటలు పెద్దవి, ఫోన్‌తో కుస్తీ పట్టక్కర్లేదు, రాత్రి నిద్ర పట్టనప్పుడు మంచి తోడు. మంచం మీద నుంచి లేవలేనివాళ్లకి అదే దిక్కు. గొంతు కలిపి పాడాలంటే మాత్రం మనుషులు కావాలి.

డబ్బు మొదట నెలవారీ మెయింటెనెన్స్‌లోనే కలిసి ఉండేది, తర్వాత విడిగా తీసుకుంటున్నారు. నేను సంతోషంగా కడుతున్నాను. మీరు చేరబోయే చోట ఇలాంటిది ఉందని బ్రోషర్‌లో కనిపిస్తే, జరిగే రోజు చూసుకుని వెళ్లండి. పాటలు ఎవరు ఎంచుతారో అడగండి. మైకు ఎవరి చేతిలో ఉందో, వెనక వరసలో కూర్చున్నవాళ్ల పెదాలు కదులుతున్నాయో లేదో చూడండి. గంటలో ఒక్కసారైనా మైకు అక్కడుండే పెద్దవాళ్ల చేతికి రాకపోతే దానికోసం విడిగా డబ్బు కట్టకండి.