బైక్ డాలీ కొనేవాళ్ళకి హెచ్చరిక: "500 కిలోల కెపాసిటీ" అన్న మాట ఒక్కటే చూసి కొనకండి

బండిని ఉన్నచోటే పక్కకి జరపడానికి, తిప్పి పెట్టుకోవడానికి చక్రాల డాలీ కొనాలని చూస్తున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. ముఖ్యంగా బుల్లెట్ లాంటి బరువైన బండి ఉన్నవాళ్ళు, ఇంటి ముందు బండలు పరిచి ఉన్నవాళ్ళు. నా కుడి పాదానికి కట్టు ఇంకా విప్పలేదు.

మాది హనుమకొండ. పోర్టికో వెడల్పు పది అడుగులు. పోయిన ఏడాది కారు కొన్నాక, నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి గోడ పక్కన సన్నటి జాగా మిగిలింది. రోజూ పొద్దున దాన్ని వెనక్కి లాగి, ముందుకి తోసి, మళ్ళీ వెనక్కి లాగి తిప్పుకోవాలి. ఆ మోడల్ బరువు కంపెనీ లెక్క ప్రకారమే 195 కిలోలు. నాకు నడుం నొప్పి ఉంది, బరువులు లాగొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అలాంటి సమయంలో ఒక ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లో ఈ డాలీ కనిపించింది. పొడవాటి ఇనుప చానెల్, అందులో బండి రెండు టైర్లూ కూర్చుంటాయి. మధ్యలో సెంటర్ స్టాండ్ ఆనడానికి అడ్డంగా ఒక ప్లేటు. కింద అన్ని వైపులా తిరిగే ఆరు చక్రాలు. పేరు పక్కనే పెద్ద అక్షరాలతో "500 కిలోలు" అని రాశారు. నా బండి బరువుకి రెండున్నర రెట్లు కదా అనుకున్నాను. రివ్యూలు కూడా బాగున్నాయి. వెంటనే ఆర్డర్ పెట్టేశాను.

మొదటి రెండు రోజులు నిజంగా సుఖంగా అనిపించింది. ఒక చేత్తో తోస్తే బండి కదిలింది. మూడో రోజు నుంచి ఎడమ వైపు మధ్య చక్రం కిర్రుమనడం మొదలైంది. నూనె చుక్క వేసి ఊరుకున్నాను. అప్పుడే తలకిందులు చేసి చూసి ఉండాల్సింది.

పదో రోజు ఆదివారం పొద్దున. డాలీని ముందుకి తోస్తున్నాను. కారుకీ బండికీ మధ్య నేనున్నాను. మా పోర్టికోలో షాబాద్ బండలు, నీళ్ళు పోవడానికి గేటు వైపు కొంచెం వాటం ఉంది. రెండు బండల మధ్య సందులో ఆ ఎడమ చక్రం దిగి ఇరుక్కుంది. డాలీ టక్కున ఆగింది, బండి ఆగలేదు. సెంటర్ స్టాండ్ మీదున్న బండిని ముందుకి నెడితేనే కదా స్టాండ్ మీంచి దిగేది. ఇక్కడా అదే జరిగింది. బండి ముందుకి ఊగి స్టాండ్ మీంచి జారింది. అదే క్షణంలో చక్రాన్ని డాలీకి పట్టి ఉంచే పిన్ను వంగి ప్లేటు ఎడమ వైపుకి కుంగింది. మొత్తం బరువు నా మీదికి వచ్చింది. పట్టుకుని ఆపుదామని చూశాను. ఆ పని మీరెవ్వరూ చేయకండి. 195 కిలోలు ఒకసారి ఒరిగాక మనిషి చేతులు ఆపలేవు. హ్యాండిల్ కారు డోరుకి గుద్దుకుని ఆగింది కాబట్టి నా ఛాతీ మీద పడలేదు. క్రాష్ గార్డ్ మాత్రం పాదం మీద పడింది. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చి లేపారు. ఎక్స్‌రేలో బొటనవేలి ఎముక చిట్లిందని తేలింది.

అంతకు ఐదు నిమిషాల ముందు మా చిన్నోడు "నాన్నా, నేను అటు పట్టుకుంటా" అని అక్కడే నిలబడ్డాడు. వాళ్ళమ్మ టిఫినుకి పిలిస్తే లోపలికి వెళ్ళాడు. ఆ సంగతి గుర్తొస్తే రాత్రుళ్ళు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు. ఇదంతా రాయడానికి అసలు కారణం అదే.

తర్వాత ఆ డాలీని మాకు తెలిసిన వెల్డింగ్ షాపాయన దగ్గరికి పంపించి, ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి చూపించమన్నాను. ఆయన గ్రైండర్‌తో రంగు గీకి చూశాడు. "అన్నా, వీడు చుక్కలు పెట్టి వదిలేసిండు, గీత గుంజలే. పైన రంగు మందంగ కొట్టిండు, అందుకే కనబడలే. గ్యాస్ సిలిండర్ జరుపుకొనుటానికైతే సరిపోతది గానీ దీని మీద బండి ఎక్కిస్తరా?" అన్నాడు. అడ్డ ప్లేటుని చానెల్‌కి అతికించింది నాలుగు టాక్ వెల్డింగ్ (ముక్కలు కదలకుండా తాత్కాలికంగా పెట్టే) చుక్కలతోనే. చక్రం తిరిగే చోట బేరింగ్ బాల్స్ లేవు, సన్నటి రివెట్ ఒక్కటే ఉంది. చక్రాలు రెండంగుళాల గట్టి ప్లాస్టిక్‌వి. అంత చిన్న చక్రం బండల సందులో దిగితే పైకి ఎక్కి రావడం చాలా కష్టం.

ఆ 500 కిలోల లెక్క ఎలా వచ్చిందో కూడా నాకు అప్పుడే అర్థమైంది. ఆరు చక్రాలకి పంచితే ఒక్కోదానికి 83 కిలోలు. కాగితం మీద బాగానే ఉంది. కానీ సెంటర్ స్టాండ్ వేసినప్పుడు బరువులో ఎక్కువ భాగం స్టాండ్ మీదే ఉంటుంది, అంటే మధ్యనున్న రెండు చక్రాల మీద. నేల ఎగుడుదిగుడుగా ఉంటే అందులో ఒకటి తేలిపోయి రెండోదాని మీదే భారం పడుతుంది. పైగా అది నిలబెట్టిన బరువు లెక్క. కదులుతూ టక్కున ఆగినప్పుడు పడే కుదుపు అందులో లేదు.

ఇంకో సంగతి. ఇలా తిరిగే చక్రం పైనున్న పిన్నుకి సరిగ్గా కింద ఉండదు, కాస్త పక్కకి జరిగి ఉంటుంది. ముందుకి తోసి ఆపి వెనక్కి లాగితే చక్రాలన్నీ ఒకేసారి వెనక్కి తిరుగుతాయి. ఆ సమయంలో డాలీ పక్కకి ఒక ఊపు ఊగుతుంది. ఎత్తు మీదున్న బండికి ఆ ఊపు మంచిది కాదు. బ్రేకులు ఉన్నాయి కదా అంటారేమో. వీటికున్న బ్రేకు చక్రం దొర్లకుండా ఆపుతుంది, పిన్ను దగ్గర తిరగకుండా ఆపదు. రెండూ ఆపే బ్రేకులు వేరే ఉంటాయి, అవి ఉన్నాయో లేదో అడిగి కొనండి.

అయినా డాలీ కావాలనుకుంటే, మొత్తం కెపాసిటీ అడగొద్దు, ఒక్కో చక్రం ఎంత మోస్తుందో రాసిమ్మనండి. చెప్పలేకపోతే వదిలేయండి. గచ్చు నున్నగా, సమంగా ఉంటేనే వాడండి. బండలు, పార్కింగ్ టైల్స్, వాటం ఉన్న చోట నా మటుకు నేను ఏ డాలీ వాడమనీ చెప్పను. తప్పదంటే కనీసం నాలుగంగుళాల పీయూ (పాలీయురేథేన్, రబ్బరు లాంటి గట్టి పదార్థం) చక్రాలున్నది చూడండి. సెంటర్ స్టాండుని ముందు చక్రానికి బెల్టుతో బిగించి కట్టేయండి, అప్పుడు స్టాండ్ వెనక్కి మడుచుకోదు. ఇద్దరు మనుషులు ఉండాలి, గోడకీ బండికీ మధ్య గానీ కారుకీ బండికీ మధ్య గానీ ఎవరూ నిలబడకూడదు. పిల్లల్ని ఆ దరిదాపులకే రానివ్వకండి.

రివ్యూల విషయం. ఇప్పుడు మళ్ళీ కూర్చుని తేదీలు చూస్తే చాలామటుకు డెలివరీ అయిన రోజో మర్నాడో రాసినవే. "ప్యాకింగ్ బాగుంది", "టైముకి వచ్చింది" అనేవే ఎక్కువ. బండి ఎక్కించి నెల రోజులు వాడానని చెప్పినవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు.

అమ్మినవాళ్ళు మొదట ఏడు రోజుల రిటర్న్ గడువు దాటిందన్నారు. తర్వాత సమంగా ఉన్న నేల మీదే వాడాలన్నారు. ఆ మాట వాళ్ళు పెట్టిన పేజీలో ఎక్కడా లేదు, స్క్రీన్‌షాట్లు తీసి పంపాను. చివరికి సగం డబ్బు ఇస్తామన్నారు, ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. డాలీ డబ్బు మొత్తం వెనక్కి వచ్చింది. ఆస్పత్రి ఖర్చుకీ కారు డోరుకీ ఇంకా ఏమీ ఇవ్వలేదు. దానికోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. కొన్న వస్తువుకి చెల్లించిన ధర ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్ళ లోపు ఎప్పుడైనా వేయొచ్చు.

ఇలాంటిదే ఇప్పటికే కొన్నవాళ్ళు ఉంటే ఈరోజే బండి దించి డాలీని బోర్లించి చూడండి. ప్లేటు అతుకు దగ్గర చుక్కలున్నాయా, నిండా వెల్డింగ్ ఉందా చూడండి. చక్రాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. వదులుగా కొట్టుకుంటుంటే మళ్ళీ బండి ఎక్కించకండి. డబ్బా మీద తయారీదారు పేరు, అడ్రసు ఉండాలి, దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందో కూడా ఉండాలి. నాకు వచ్చిన డబ్బా మీద అవేవీ లేవు. ఉన్నా లేకపోయినా ఫోటో తీసి పెట్టుకోండి, రిటర్న్ గడువు దాటకముందే వాళ్ళకి రాతపూర్వకంగా మెయిల్ పంపండి. డబ్బా మాత్రం పారేయకండి.